ఊత్తుకోట దారిలో పసుపు సంచి

మా చెన్నై తిరువొత్తియూరులో పురట్టాసి నెల వచ్చిందని తెలుసుకోవడానికి క్యాలెండరు అక్కరలేదు. వెంకన్న నెల అని జనం నీసు మానేస్తే చేపల బజారు వెలవెలబోతుంది. వీధి చివర బిరియానీ కొట్టతను గరిటె పక్కన పెట్టి కుర్చీలో కునికిపాట్లు పడుతుంటాడు. మా మెట్ల కింద పడుకునే పిల్లి ఆ నెలంతా మా మీద అలిగి మొహం చూపించదు. ఊళ్లో సగంమంది పసుపు బట్టలు కట్టుకుని, చెప్పులు విడిచి, గోవిందా అంటూ తిరుమల దారి పడతారు. నెల తమిళులది, కొండ ఆంధ్రలో ఉంది, మధ్యలో నడిచే కాళ్లు మావి.

ఆ కాళ్లలో నా కాళ్లు ఎప్పుడూ లేవు. టి. నగర్‌లో నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లడానికి రైలెక్కి, బస్సెక్కి, చివర ఉన్న నాలుగు అడుగులకు కూడా షేర్ ఆటో కోసం చూసే మనిషిని నేను. అలాంటి నన్ను నడిపించింది మా కోమల వదిన.

మా అన్నయ్య భార్య ఆవిడ. కింది అంతస్తులో వాళ్లు, పై అంతస్తులో నేనూ మా ఆయనా. ఆమెకు కోమల అని పేరు పెట్టినవాళ్లు పిల్ల పెద్దయ్యాక ఒకసారి వచ్చి చూసుంటే తప్పకుండా మార్చేవాళ్లు. రెండేళ్ల కిందట నాకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడుకున్నప్పటి నుంచి నా ఒంటికి ఆమే ఇన్‌ఛార్జి. రసం తాగావా, మాత్ర వేసుకున్నావా, తల ఆరిందా అని కింది నుంచే కేకలు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నా మణికట్టుకున్న ప్లాస్టిక్ పట్టీ ఊడక పళ్లతో కొరుకుతుంటే, "కుక్కపిల్లవా ఏంది?" అని తిట్టి కత్తెరతో కోసేసింది.

వాళ్ల పూజ అలమరలో కూడా రెండేళ్లుగా ఒక ముడుపు ఉంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డలో నాణేలు కట్టి, పని అయ్యాక కొండకు తెచ్చి హుండీలో వేస్తానని దేవుడికి చెప్పుకునే మూట. వదిన పుట్టింట్లో దానికి రెండు కట్టుబాట్లు. హుండీలో వేసేదాకా విప్పకూడదు. ఎవరి కోసం కట్టారో వాళ్లకు చెప్పకూడదు. అన్నయ్య ప్రమోషన్ కోసమే కట్టిందని నా లెక్క. "వదినా, మేనేజరు చేయాల్సిన పని దేవుడి నెత్తిన పెట్టావు" అని ఏడిపిస్తే నోరు విప్పేది కాదు.

బడికి క్వార్టర్లీ సెలవులు ఇచ్చిన రోజు పైకొచ్చి, "మొక్కు తీర్చుకునేదానికి నడిచి పోతా ఉండా. తోడు రా" అంది. రమ్మని అడిగినట్టు లేదు, రేషన్ కార్డు తెమ్మన్నట్టుంది. పోనీ పాపం, ఒంటరిగా పోతుందేమో అని ఒప్పుకున్నాను. ఆ గొప్పబుద్ధి గురించి మా బడి స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పి వచ్చాను కూడా.

పెరియపాళయం

మొదటి రెండు రోజుల సంగతి వదిలేస్తాను. లారీలు, దుమ్ము, నా మూలుగులు తప్ప అందులో ఏమీ లేదు. చెప్పుకోవలసింది మూడో రోజు. ఆ రోజు పెరియపాళయంలో ఒక కళ్యాణ మండపం వరండాలో నిద్ర లేచాం.

ఇక్కడి అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు ఒళ్లంతా వేపాకులు కట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు. మా ఇంట్లో వేప అంటే ఉగాది పచ్చడిలో పువ్వు, అమ్మవారు పోస్తే గుమ్మానికి మండ. ఇక్కడ ఏకంగా చీర. ఒకామె వేపాకుల్లో మెడదాకా మునిగి, ఒక్క చెయ్యి బయటపెట్టి ఫోన్లో ఎవరితోనో గ్యాస్ సిలిండరు గురించి గొడవ పడుతోంది. వదిన దండం పెట్టి, "చూసినావా ఎంత భక్తో" అంది. ఫోన్లో అవతలివాడి మీద నాకు జాలేసింది.

బయట ఇడ్లీ, వడకర్రీ తిన్నాం. వడకర్రీ అంటే మసాలా వడలను చిదిమి వండే కూర. నెల్లూరు నుంచి వచ్చే మా చుట్టాలు దీన్ని చూసి "నిన్నటి వడలా?" అని అడిగి మమ్మల్ని అవమానిస్తుంటారు, తర్వాత రెండోసారి వేయించుకుంటారు. కొట్టతను ప్లేటు నలభై అన్నాడు. మా పాదాలు చూసి, "నడక సాములకు ముప్పై" అన్నాడు. నా పాదాలకు జీవితంలో దొరికిన మొదటి గౌరవం అది.

తెల్లగీత

ఊరు దాటాక అసలు సంగతి తెలిసింది. ఎండెక్కాక తారురోడ్డు మీద ఉత్త కాళ్లతో నడవడం కుదరదు. అందుకే నడిచేవాళ్లందరూ రోడ్డు అంచున వేసిన తెల్లగీత మీద నడుస్తారు. తెల్ల రంగు అంత కాలదు. జానెడు వెడల్పు గీత మీద ఒకరి వెనక ఒకరు, చీమల బారు లాగా పసుపు బట్టల జనం. ముందువాళ్లు ఆగితే వెనక వాళ్లంతా ఆగాలి. గీత చెరిగిపోయిన చోట అందరూ గెంతులు.

"నెమ్మదిగా, నెమ్మదిగా" అని వదిన నాకు చెబుతూ తాను ముందు గెంతింది.

ఇంకో కష్టం తిండి. ఈ దారిలో నడిచేవాళ్లకు పెట్టడానికి ప్రతి ఊరివాళ్లూ పందిరి వేస్తారు. పెట్టింది వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారు. పొంగలి తిని వంద గజాలు నడవకముందే సుండల్ అనే శనగ గుగ్గిళ్లు, సుండల్ నములుతుండగానే పుచ్చకాయ, అది మింగకముందే ఎవరో ముసలాయన రోడ్డుకు అడ్డంగా నిలబడి పానకం. బరువు తగ్గి వస్తానని మా ఆయనకు మాటిచ్చి బయల్దేరాను. ఆ మాట పెరియపాళయం దాటిన మూడో పందిట్లో పోయింది.

సాంబారన్నం, కునుకు

మధ్యాహ్నానికి ఒక పెద్ద పందిరి చేరాం. కూర్చునే ముందు అందరూ చేతిసంచులు పందిరి వెదురు గుంజకు కొట్టిన మేకులకు తగిలించారు. మేమూ తగిలించాం.

ఈ సంచుల గురించి చెన్నై బయటివాళ్లకు చెప్పాలి. మా వైపు ఏ పెళ్లికి వెళ్లినా తాంబూలం, కొబ్బరికాయ ఒక పసుపు గుడ్డ సంచిలో వేసి ఇస్తారు. మంజపై అంటారు. దాని మీద పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల పేర్లు అచ్చు వేస్తారు. పెళ్లి ఎలా ఉన్నా సంచి మాత్రం పదేళ్లు ఉంటుంది. ప్రతి ఇంట్లో తలుపు వెనక ఇవి గుత్తులు గుత్తులు. కొండకు పోయేవాళ్లు పసుపు మంచిదని వీటినే తెస్తారు. ఆ గుంజకు ఆ రోజు ఓ ముప్పై పెళ్లిళ్లు వేలాడుతున్నాయి.

సాంబారన్నం, అప్పడం, చివర్లో పెరుగన్నం. వదిన తువ్వాలు పరుచుకుని, "ఐదు నిమిషాలు, సుమ్మా ఊరికే కళ్లు మూసుకుంటా" అంది. ఆ ఐదు నిమిషాల్లో ఆమె గురకకు పక్కనున్న బృందం లేచి బయల్దేరి వెళ్లిపోయింది. లేచాక ఆమే గుంజ దగ్గరకెళ్లి సంచి తీసుకుంది.

గంటసేపు నడిచి ఒక చింతచెట్టు కింద ఆగాం. నీళ్ల సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టిన వదిన అట్లాగే ఆగిపోయి, సంచిని తిప్పి చూసింది.

"ఈ దివ్య ఎవురే?"

నేనూ చూశాను. దివ్య, మణికంఠన్, మీంజూరు అని ఉంది. మా సంచి మీద ఉండాల్సింది మా మేనమామ మనవరాలు రమ్య.

"మనం పోని పెళ్లికి సంచి తెచ్చుకున్న మొదటి మనుషులం మనమే వదినా" అన్నాను.

ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక పసుపు మూట బయటికి తీసి చేతిలో తూచింది. "ఇది మనది కాదు. ఇది బరువు" అంది. అని రోడ్డు పక్కనే మట్టిలో కూలబడిపోయింది. వదిన మొహం అట్లా పాలిపోవడం నేను చూడలేదు. డెంగీ రోజుల్లో చూసేవుంటానేమో, అప్పుడు నాకు తెలివి సరిగా లేదు.

పందిరి తరఫున దారంతా బండి మీద నీళ్ల ప్యాకెట్లు పంచుతున్న ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. పేరు సెల్వం. సంగతి విని, "మీంజూరు బృందమా? మీకంటే చాలా ముందు వెళ్లారే. ఈపాటికి ఊత్తుకోట వంతెన దగ్గరుంటారు. ఒకళ్లు ఎక్కండి, దింపుతాను" అన్నాడు తమిళంలో. మా సంచి ఆయనే తేవచ్చు గానీ, ముక్కూ మొహం తెలియని మగాడు వచ్చి అడిగితే ముడుపు ఎవరిస్తారు?

"వదిన ఎక్కకూడదు, ఆమెకు మొక్కుంది. నేనొస్తా" అన్నాను.

"నువ్వు బండెక్కేది లేదు" అంది వదిన.

"నాకేం మొక్కు వదినా? నేను తోడుకొచ్చినదాన్ని."

"ఎక్కొద్దంటే ఎక్కొద్దు. నడిచే పోదాం. పట్టుకుందాం."

"నువ్వు గెంతే గెంతులకు వాళ్లు తిరుమల చేరి లడ్డూ తినేసి ఉంటారు. ముడుపు పోతే పోనీ అంటావా?"

వదిన నీళ్ల ప్యాకెట్టు పళ్లతో కొరికి తాగకుండా చేత్తో పట్టుకుని కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండా, "పో అయితే" అంది. తానెక్కలేని బండి నేనెక్కుతున్నానని కుళ్లు అనుకున్నాను.

బండి మీద

నిజం చెప్పేస్తాను. ఆ ఐదారు కిలోమీటర్లు నా జీవితంలోకెల్లా హాయిగా చేసిన ప్రయాణం. గాలి తగులుతోంది. అరికాలి బొబ్బ గాల్లో ఊగుతోంది. తెల్లగీత మీద నడుస్తున్న జనం అంతా మొహాలు తిప్పి నన్ను చూశారు. పసుపు చీర కట్టుకుని బండి మీద పోతున్న భక్తురాలు! ఒకాయన గట్టిగా "గోవిందా!" అన్నాడు. అది దేవుణ్ని పిలవడం కాదని నాకు అర్థమైంది. కొంగు మొహం మీదికి లాక్కున్నాను.

ఊత్తుకోట వంతెన

వంతెన ఇవతల రోజ్‌మిల్క్ బండి దగ్గర బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో రమ్య పెళ్లి సంచి. పేరు ఆదిలక్ష్మి. మీంజూరులో ఇస్త్రీ కొట్టు. తెలుగువాళ్లే. సంచి మారిందన్న సంగతి ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు.

"అయ్యో నా తల్లీ, నా ముడుపు మీ కాడ ఉండాదా!" అని తన మూట తీసుకుని కళ్లకద్దుకుంది. చూసి నేనూ మా మూట తీసి కళ్లకద్దుకున్నాను. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడే వంతెన మీద నుంచి స్వామి పటం పెట్టిన బండి, మేళంతో వచ్చింది. ఇద్దరం మూటలు బెంచీ మీద పెట్టి, లేచి, దండాలు పెట్టుకున్నాం. పటం దగ్గరికి జనం తోసుకొచ్చారు. రోజ్‌మిల్క్ ఆయన బెంచీ విరుగుతుందని దాన్ని పక్కకు లాగాడు. వెనక్కి తిరిగితే రెండు మూటలూ నేల మీద ఉన్నాయి. ఒకే పసుపు, ఒకే మూడుముళ్లు.

నేను బి.ఎడ్. చదివాను. లెక్కలు చెబుతాను. రెండిట్లో ఏది మాదో చెప్పలేకపోయాను. బరువన్న వదిన మాట గుర్తొచ్చి రెండూ చేతుల్లో పెట్టుకుని తూచాను. మొదటిసారి కుడిది బరువనిపించింది, చేతులు మార్చితే మళ్లీ కుడిదే బరువనిపించింది.

"విప్పి చూద్దామా?" అన్నాను.

ఆదిలక్ష్మి నన్ను చూసిన చూపుకు నేనే ముడుచుకుపోయాను. "విప్పేదా! ఏం మాట అది? ఇట్లియ్యి." రెండు మూటలనూ గుడ్డ పైనుంచే వేళ్లతో నొక్కి చూసింది. "నాదాంట్లో అన్నీ రూపాయి బిళ్లలే. దీంట్లో వేరే ఏదో ఉండాదే, చుట్టినట్టుగా. మీ వదినను అడుగు, ఏం పెట్టిందో. నోటితో చెప్తే నేను ఇచ్చేస్తా."

ఫోన్ చేశాను. వదిన రొప్పుతూ ఎత్తింది, నడుస్తూనే ఉంది. "ముడుపులో నాణేలు కాక ఏం పెట్టావు వదినా?"

అటు నుంచి లారీ హారన్ వినిపించింది.

"వదినా?"

"ఫోను ఆయమ్మకియ్యి. నువ్వు దూరంగా పో."

"ఎందుకు, నేను వింటే ఏం..."

"సుగుణా, ఆయమ్మకియ్యి అంటా ఉండా కదా."

ఇచ్చాను. ఆదిలక్ష్మి చెవికి ఆనించుకుని "ఊ" అంది. "ఊ, ఊ" అంది. నన్ను చూసింది. తల నుంచి బొబ్బ కాలిదాకా చూసింది. "సరే తల్లీ, నేనేం చెప్పన్లే" అని ఫోన్ నా చేతిలో పెట్టి, ఒక మూటను ఇంకోసారి నొక్కి చూసి, నాకిచ్చింది.

"ఇది మీదే." తర్వాత నా గడ్డం పట్టుకుంది. "ఒళ్లు ఇప్పుడు బాగుండాదా అమ్మా?"

"బాగుందండీ" అనేశాను, ఎవరడిగినా అన్నట్టు. అన్నాక ఆగాను. ఈమెకు నా ఒంటి సంగతి ఎందుకు? మూట మీద బొటనవేలు పెట్టి నొక్కాను. నాణేల మధ్య చుట్టచుట్టిన పట్టీ. దానికి చిన్న గుండ్రటి నొక్కుడు గుండీ. రెండేళ్ల కిందట నేను పళ్లతో కొరికినా ఊడని గుండీ.

అన్నయ్య ప్రమోషన్ కాదు. నేను. ఆ బెంచీ మీదే కూర్చుని ఏడ్చాను. ఎందుకో అడగకుండా రోజ్‌మిల్క్ ఆయన గ్లాసు చేతిలో పెట్టాడు. ఇరవై రూపాయలు వద్దన్నాడు.

బొబ్బ చితికింది, వెనక్కి నడవలేకపోయాను. అక్కడే కూర్చున్నాను. పొద్దు వాలాక తెల్లగీత మీద చేతులు ఊపుకుంటూ వదిన వచ్చింది. సంచి తీసుకుని, తడిమి చూసుకుని, నా కళ్లలోకి చూసింది.

"ఆయమ్మ ఏమన్నా చెప్పిందా?"

"చెప్పింది. రోజ్‌మిల్క్‌లో సబ్జా గింజలు వేయించుకుని తాగమంది."

వదిన ఊపిరి వదిలింది. వెంటనే నా కాలు చూసి, ఆపకుండా తిట్టింది. ఆ తిట్లు ఎంత బాగున్నాయో చెప్పలేను. ఆ రాత్రికి నది దాటి సురుటుపల్లిలో పడుకున్నాం. మిగిలిన రోజులు కాలికి గుడ్డ చుట్టుకుని కొండదాకా ప్రతి అడుగూ నడిచాను. హుండీ దగ్గర ముడుపు వేసి, వదిన చాలాసేపు ఏదో గొణిగింది. వెనకాల జనం తోస్తున్నా కదల్లేదు. అంత పెద్ద మాట ఏముందో దేవుడితో అనుకున్నాను.

మళ్లీ చింతచెట్టు

ఇంటికొచ్చాం. నా బొబ్బ మానింది. దీపావళి దాటిన ఒక ఆదివారం తెల్లారకముందే వదిన పైకొచ్చింది. చేతిలో రమ్య పెళ్లి సంచి.

"లెయ్. చెప్పులు విడువు."

అడిగినా చెప్పలేదు. రెడ్‌హిల్స్‌లో ఊత్తుకోట బస్సెక్కించి, చింతచెట్టు దగ్గర ఆపమని కండక్టరుతో పోట్లాడి దింపింది. నన్ను తెల్లగీత మీద నిలబెట్టింది.

"ఈడనుంచి కదా బండెక్కినావు. నడువు."

అప్పుడు అర్థమైంది. నడుస్తూ చెప్పింది, నా వైపు చూడకుండా. ఆసుపత్రిలో నాకు ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజు, వరండాలో నిలబడి, "దీన్ని కాపాడు సామీ, దీని కాళ్లతోనే నీ కొండకు నడిపించుకొస్తా" అని మొక్కుకుందట. తన కాళ్లు కాదు, నా కాళ్లు. హుండీ దగ్గర గొణిగింది ఇదే. ఒక ముక్క తక్కువైంది, ఏమనుకోకు, తొందర్లో నడిపిస్తా అని.

"ఆ పెద్దామె చెప్పేసింది కదా నీకు?" అంది.

"చెప్పలేదు. ఒళ్లు బాగుందా అని అడిగింది, అంతే."

"సరిపోయింది" అంది వదిన.

పురట్టాసి ఎప్పుడో అయిపోయింది, దారిలో నడిచేవాళ్లెవరూ లేరు. పందిరి లేదు, పానకం లేదు. ఇద్దరు ఆడవాళ్లు చలికాలపు ఎండలో చెప్పుల్లేకుండా ఎందుకు నడుస్తున్నారో తెలియక లారీవాళ్లు తొంగి చూశారు. వంతెన చేరాక వదిన కొండల వైపు తిరిగి చేతులెత్తి, "అయిపోయింది సామీ, చూసుకో" అంది. అప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కళ్లు తుడుచుకోవడానికి కూడా వదల్లేదు.

నాకు ఉండబట్టలేదు. "మొదటే చెప్పుంటే నేను బండెక్కేదాన్నా వదినా? నా కోసం అని ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పుంటే నువ్వు నడిచుంటావా?" అంది. "నాకు తోడొస్తా ఉండానని గొప్పకు వచ్చినావు గాబట్టి నడిచినావు. నీ కోసమే అని తెలిసుంటే, ఎందుకు వదినా ఈ శ్రమ, కారు పెట్టుకుని పోదాం అనుండేదానివి. కండిప్పా, తప్పకుండా అనుండేదానివి."

రెడ్‌హిల్స్ బస్సు వచ్చింది. ఒకే సీటు ఖాళీగా ఉంది. నన్ను కూర్చోబెట్టి, ఆమె ఇంటిదాకా నిలబడే వచ్చింది.